వేళ్లు మరిచిన మాట

ఆమె కళ్లజోడు తుడుచుకుని, చూపుడు వేలు రుమాలుకు అద్దుకుని, కీబోర్డు పక్కన వేలిముద్ర చూసే చిన్న గాజుపలక మీద ఆనించింది. ఎప్పటిలాగే కంప్యూటరు తెరుచుకుంది. తెర మాత్రం ఎప్పటిలా లేదు. నీలం పోయి బూడిదరంగు వచ్చింది. కింద వరసగా ఉండే బొమ్మలన్నీ పక్కకు జరిగాయి. సెలవుల్లో అన్ని కంప్యూటర్లకూ కొత్త సిస్టమ్ ఎక్కిస్తారని బిల్లింగ్ కౌంటర్ ఆయన చెబితే ఆమె విననట్టే ఊరుకుంది.

రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులు టైపు చేసి, డాక్టరమ్మ చేత సంతకం పెట్టించి, కిటికీ దగ్గరకొచ్చినవాళ్లకు కవర్లు అందించడం ఆమె పని. పెళ్లయిన కొత్తలో ఆ కుర్చీలో కూర్చుంది. కూతురు ఉద్యోగస్తురాలైనా ఇంకా ఆ కుర్చీలోనే ఉంది. అందరికీ ఆమె రిపోర్టులక్క. పొట్టి మనిషి. ఒకవైపుకు వాలిన కళ్లజోడు, ముందుకు వంగిన భుజాలు, మీటలు కొట్టీ కొట్టీ మొద్దుబారిన వేళ్లు. మాట్లాడేది తక్కువే గానీ, కవరు ఇచ్చే ముందు "వయసెంతండీ?" అని అడక్కుండా ఎవరినీ పంపేది కాదు. ఒకే పేరున్నవాళ్లు చాలామంది వస్తారు.

రిపోర్టుల ప్రోగ్రామ్ తెరిచింది. అది పాస్‌వర్డ్ అడిగింది.

ఎప్పుడూ అడిగేది కాదు. చాన్నాళ్ల కిందట తెర మీద ఒక పెట్టె కనిపించి, 'గుర్తుపెట్టుకోమంటారా' అంటే 'సరే' అని నొక్కింది. అప్పట్నుంచీ ఆమె బదులు అదే గుర్తుపెట్టుకుంటోంది. ఇప్పుడు ఖాళీ గడిలో గీత ఒక్కటే మినుకు మినుకుమంటోంది.

వేళ్లు మీటల మీద పెట్టి, అవే కదులుతాయేమోనని చూసింది. కదల్లేదు. మొదటి అక్షరం కూడా తట్టలేదు.

అందరూ మరిచిపోతారులే అని సర్దిచెప్పుకోబోయింది. మనసు ఒప్పుకోలేదు. మొన్న రోజూ వచ్చే వీధి మలుపులో నిలబడిపోయి, ఇల్లు ఎడమనా కుడినా అని బిక్కుబిక్కుమంటూ చూసింది. పొయ్యి మీద గిన్నె మాడితే కిటికీలు తీసి, మొగుడికి వాసన తగలకుండా చేసింది. వాళ్లమ్మ చివరి రోజుల్లో కన్నకూతుర్ని చూసి, "ఎవరమ్మా మీరు? నిలబడ్డారేం, కూర్చోండి" అని మర్యాదగా పలకరించింది. ఆ మర్యాద తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

"ఆపరేషన్ థియేటర్ వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. ఆ రిపోర్టు ఏమైంది?" డాక్టరమ్మ తలుపు సందులోంచి అడిగింది.

"సిస్టమ్ రావట్లేదు మేడమ్."

అబద్ధం కాదు. పక్క బల్లల మీదా అదే గోల. తక్కినవాళ్లు విసుక్కుంటూనే తమ పాస్‌వర్డులు కొట్టుకుని పనిలో పడ్డారు. "మా ఆవిడ పుట్టినరోజే గుర్తుండి చావదు, ఇదెక్కడ గుర్తుంటుంది" అన్నాడు బిల్లింగ్ ఆయన. అందరూ నవ్వారు. ఆమె కాస్త ఆలస్యంగా నవ్వింది.

కంప్యూటర్లు బాగుచేసే సిస్టమ్స్ అమ్మాయి వచ్చి కుర్చీ చివర కూర్చుంది.

"మీరు దాచుకున్నవెక్కడికీ పోలేదక్కా. కొత్త సిస్టమ్ ఎక్కించాక ఆ దాచే సర్వీసే లేవట్లేదు. రెండు నిమిషాలు."

ఆ అమ్మాయి తెర మీద ఏవో నల్లటి కిటికీలు తెరిచి మూసింది. చివరికి తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక మాట కనిపించింది.

"చిట్టిగువ్వ. భలే ఉందక్కా. ఎవరు?"

ఆమె ఆ మాట వంక చూసింది. దారిన పోయేవాళ్ల పేరులా ఉంది.

"ఊరికే పెట్టుకున్నానమ్మా," అంది.

సర్వీసు లేచింది. రిపోర్టు థియేటర్‌కి వెళ్లింది. అందరికీ ప్రాణం లేచివచ్చింది. ఆమెకు మాత్రం రాలేదు. భోజనాల వేళ మెట్ల కింద నిలబడి కూతురికి ఫోన్ చేసింది.

"చిట్టిగువ్వ అంటే ఎవరే?"

"అదేంటమ్మా? నేనే. చిన్నప్పుడు నన్నలాగే పిలిచేదానివి కదా. ఫ్రెండ్స్ ముందు పిలవొద్దని నేను ఏడిస్తే మానేశావు."

"అవునవును. ఊరికే అడిగాలే."

"అమ్మా, నాన్న కూడా నీ గురించి ఏదో చెప్పబోతే నేను కొట్టిపారేశాను. శనివారం వస్తా. డాక్టర్ దగ్గరికి వెళ్దాం."

"నీకు పనులుంటాయేమో."

"వస్తానన్నానుగా."

ఫోన్ పెట్టేశాక ఆ పేరు పెదాల మీద చాలాసార్లు అనుకుంది. పాప మొహం, ఆ ఏడుపు, ఏదో ఒకటి కదలాలి కదా. ఏమీ కదల్లేదు.

మధ్యాహ్నం కిటికీ దగ్గర రద్దీ పెరిగింది. సిస్టమ్ చక్కగా నడుస్తోంది. ఒక ముసలాయన పేరు చెప్పాడు, కవరు తీసుకున్నాడు, బల్ల మీద కూర్చుని విప్పాడు. కాసేపటికి గోడ పట్టుకుంటూ మళ్లీ వచ్చాడు.

"అమ్మా, నా రక్తంలో క్యాన్సర్ కణాలున్నాయని రాసుందమ్మా ఇందులో. ఏమీ ఉండదన్నాడే డాక్టరు?"

ఆమె కాగితం అందుకుంది. పేరు ఆయనదే. వయసు మాత్రం ఎవరో కుర్రవాడిది. ఆమె వయసు అడగలేదు. అడగాలన్న సంగతే తట్టలేదు.

"ఇది మీది కాదండీ. తప్పు నాదే," అని ఆయన కవరు వెతికి ఇచ్చింది. అందులో అన్నీ బాగానే ఉన్నాయి.

ఆయన కోప్పడలేదు. కళ్లు తుడుచుకుని, "పర్లేదమ్మా, మనిషన్నాక పొరపాటు రాకుండా ఉంటుందా," అన్నాడు.

ఆ కుర్రవాడే ముందు వచ్చి ఉంటే? ఏమీ లేదన్న ఈయన కాగితం పట్టుకుని నవ్వుకుంటూ ఇంటికి పోయేవాడు. ఎవరూ మళ్లీ కిటికీ దగ్గరకొచ్చి అడిగేవారు కాదు.

సాయంత్రం డాక్టరమ్మ గదిలోకి వెళ్లింది.

"మేడమ్, రేపట్నుంచి కిటికీ దగ్గర ఇంకెవర్నైనా కూర్చోబెట్టండి."

"ఎందుకు? సిస్టమ్ బాగైందిగా?"

"సిస్టమ్ బాగానే ఉంది మేడమ్."

డాక్టరమ్మ చేతిలోని పెన్ను కింద పెట్టింది. రిపోర్టులక్క ముసలాయన కవరు సంగతి, వీధి మలుపు సంగతి, కూతురి పేరు సంగతి ఒక్కొక్కటే చెప్పింది. చెబుతున్నంతసేపూ వేళ్లు బల్ల అంచు వదల్లేదు.

"ముందు కూర్చోండి," అంది డాక్టరమ్మ మెల్లగా.

"వద్దు మేడమ్. కూర్చుంటే మళ్లీ లేవలేను."

బయటికొచ్చి, కుర్చీని బల్ల కిందికి నెట్టి వెళ్లిపోయింది. అందరూ ఆమె రోజూలాగే ఇంటికి వెళ్తోందనుకున్నారు.

చీకటి పడుతుండగా బిల్లింగ్ ఆయన దీపాలార్పి తలుపు దగ్గరకొచ్చాడు. లోపల తిరగడానికి ల్యాబువాళ్లిచ్చే రబ్బరు చెప్పులు అరలో సర్దబోతే ఒక జత తక్కువైంది. వాటితోనే రోడ్డెక్కేసిందెవరో అనుకుంటూ కిందికి చూశాడు. గుమ్మం పక్కన, వీధివైపు ముక్కులు తిప్పుకుని, ఒకవైపే మడమ అరిగిన రిపోర్టులక్క తోలు చెప్పులు జతగా ఉన్నాయి.