రాయి అని చెప్పిన జబ్బు

అది నవంబరు తొమ్మిదో తేదీ. ఆ మధ్యాహ్నం కోడలు తిన్నది ఉప్పు వేయని ఉడికించిన బంగాళాదుంప, ఒక రొట్టె ముక్క, గ్లాసెడు పాలు. వంటింట్లో మిగతా వాళ్ళ కోసం ఉప్పూ కారం వేసిన కూర ఉంది. కానీ కోడలికి కిడ్నీలో రాయి తీశారని అత్తగారు ఆ ఉదయమే మెట్ల మీద ఎదురైన వాళ్ళందరికీ చెప్పింది. చూడటానికి వచ్చిన ఇద్దరు పొరుగావిడలు సోఫాలో కూర్చుని ఉండగా ఆ కూర ఎలా వడ్డిస్తుంది?

"రాయి ఎంతుంది?" అని అడిగింది పై అంతస్తు ఆవిడ.

"బఠానీ గింజంత," అంది అత్తగారు.

"ఇంటికి తెచ్చుకున్నారా? మా ఆయనది సీసాలో వేసిచ్చారు. ఇప్పటికీ బీరువాలో ఉంది."

"మావాడు వద్దన్నాడమ్మా. మనుషులకే చోటు లేదు, రాళ్ళనెక్కడ పెడతావన్నాడు."

అందరూ నవ్వారు. నవ్వాల్సిన చోటు కాబట్టి కోడలూ నవ్వింది. ఆమె ముఖం వైపు ఎవరూ చూడలేదు. చూపులన్నీ ఆమె నడుం మీదే ఉన్నాయి.

కోడలికి రాయీ లేదు, ఆపరేషనూ జరగలేదు. ఆమె అప్పటిదాకా ఉన్నది పెద్దాసుపత్రిలోని మానసిక వార్డులో. డాక్టరు డిప్రెషన్ అన్నాడు. డిప్రెషన్ అనగానే మనం ఏడుస్తూ కూర్చున్న మనిషిని ఊహించుకుంటాం. ఆమె ఏడవలేదు. ఒకరోజు స్టవ్ మీద పాలు పొంగి పొర్లుతుంటే పక్కనే నిలబడి చూసింది. పొంగుతున్నాయని తెలుసు. కట్టెయ్యాలనీ తెలుసు. చెయ్యి లేవలేదు. అప్పటికే చాలాకాలంగా ఆమెకి ఆకలి వేయడం లేదు, నిద్ర పట్టడం లేదు. తన పెళ్ళి ఫోటో చూసినా ఎవరిదో చూస్తున్నట్టుండేది. బాధ ఉంటే బాగుండునని కూడా అనిపించని స్థితి అది. లిఫ్టులు బాగుచేసే ఆమె భర్త పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు పొయ్యి కట్టేసి, నేల తుడిచి, ఆమె చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

రాయి అత్తగారు కల్పించిందే. ఆమె చెడ్డది కాదు. ఆసుపత్రిలో కోడలి తల దువ్వింది, బట్టలు ఉతికింది. మాత్రలు మాత్రం ఇంటికి రాగానే అట్టపెట్టెలోంచి తీసి, ఖాళీ అయిన విటమిన్ల డబ్బాలో పోసింది. "ఎవరైనా చూస్తే బలానికని చెప్పు," అంది. కోడలు సరేనంది. అబద్ధం చెప్పడం ఆమెకి కష్టంగా లేదు. అప్పట్లో ఆమెకి ఏదీ కష్టంగా లేదు.

కొన్నాళ్ళకి కోడలు మళ్ళీ పనిలో చేరింది. హోటళ్ళ దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే పెద్ద లాండ్రీ అది. ఇస్త్రీ రోలరు మనిషి నిలువు పొడవుంటుంది. అందులోంచి దుప్పటి పొగలు కక్కుతూ బయటికి వస్తుంది. ఇద్దరు ఆడవాళ్ళు చెరో అంచూ పట్టుకుని, ఎదురెదురుగా నడిచి, మడత పెట్టాలి. రోలరు హోరుకి ఆ హాల్లో గుసగుసలు కుదరవు. ఏం చెప్పాలన్నా అరవాల్సిందే. అక్కడ పనిచేసే వాళ్ళందరూ ఇంటికెళ్ళాక కూడా గట్టిగానే మాట్లాడి చీవాట్లు తింటుంటారు.

కోడలితో జతగా మడత పెట్టే ఆమెని అందరూ రేడియో అంటారు. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా ఆ నోటికి విరామం లేదు. కోడలు తిరిగి వచ్చిన రోజు నుంచీ రేడియో ఫ్లాస్కు నిండా బార్లీ నీళ్ళు తెచ్చేది.

"తాగు వదినా. రాయి ఒకసారి వస్తే దానికి దారి తెలుస్తుంది, మళ్ళీ వస్తుంది."

"రోజూ ఎందుకే నీకు శ్రమ?"

"నోరు మూసుకుని తాగు. నువ్వు లేకపోతే ఈ దుప్పట్లు ఎవరితో మడవను? ఆ మరకలు తీసే ఆవిడతోనా? ఆవిడ అంచు పట్టుకుంటే అది దుప్పటి కాదు, సమోసా."

కోడలు తాగేది. ఆ నీళ్ళు ఆమెకి అసలు నచ్చేవి కావు. కానీ తన కోసం ఒకరు పొద్దున్నే లేచి ఏదో కాచారన్న సంగతి, మందు పనిచేయడం మొదలవక ముందే, ఆమె లోపలికి దిగిన మొదటి వెచ్చదనం.

ఆ లాండ్రీ యాజమాన్యం మంచిదే. ఒకసారి డాక్టరుని పిలిపించి మానసిక ఆరోగ్యం మీద ఉపన్యాసం ఇప్పించారు. ఆయన బాగా చెప్పాడు. మెదడు గురించి, రసాయనాల గురించి బొమ్మలు చూపించాడు. ప్రశ్నలున్నాయా అంటే ఎవరూ చెయ్యెత్తలేదు. అందరూ బిస్కెట్లు తిని వెళ్ళిపోయారు. మంచినీళ్ళ కుళాయి మీద ఒక పోస్టరు కూడా అంటించారు. తల పట్టుకుని కూర్చున్న మనిషి బొమ్మ, కింద ఫోను నంబరు. ఆ పోస్టరు వచ్చాక జనం సీసాలు నింపుకునేటప్పుడు నేల చూపులు చూడటం నేర్చుకున్నారు. పదిమంది తిరిగే చోట నిలబడి ఆ నంబరు రాసుకునేది ఎవరు?

ఎండలు ముదిరే వేళకి రేడియో మాటలు తగ్గాయి. మొదట అందరూ వేళాకోళం చేశారు. "బ్యాటరీ అయిపోయిందా?" అంది మరకలు తీసే ఆవిడ. రేడియో బదులివ్వలేదు. మధ్యాహ్నం తిండికి రావడం మానేసి, దుప్పట్లు పేర్చే గదిలో గోడకి ఆనుకుని కూర్చునేది. బార్లీ నీళ్ళు ఆగిపోయాయి. ఒకరోజు మడత పెడుతుంటే కోడలు తెల్లటి దుప్పటి మీద తడి మరక చూసింది. రేడియో వేలు రోలరు అంచుకి తగిలి బొబ్బ లేచింది, ఆ బొబ్బ చితికిపోయింది.

"కాలిందే!"

రేడియో తన వేలిని ఎవరిదో వస్తువులా చూసింది. "అవునా," అంది.

కోడలి కళ్ళ ముందు పొంగుతున్న పాలు మెదిలాయి. రేడియోని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి వేలి మీద నీళ్ళు పోస్తూ, ఒకసారి డాక్టరు దగ్గరికి వెళదామంది. వేలి కోసం కాదని కూడా చెప్పింది.

రేడియోకి కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. మెల్లగా అంది: "నీకేం వదినా. నీది రాయి. తీసేశారు, పోయింది. నాలో తీసేయడానికి ఏముంది? నేనే చెడిపోయాను. మా ఆయన బద్ధకం అంటున్నాడు, అదే నిజమేమో. నీలాంటి దానికి ఇది అర్థం కాదులే."

చదువరులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఈ దారిలో నడిచి వెనక్కి వచ్చిన మనిషి రేడియో ఎదురుగానే నిలబడి ఉంది. అయినా ఆమెకి కనిపించలేదు. మధ్యలో బఠానీ గింజంత రాయి అడ్డుగా ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో కూరగాయలు తరుగుతున్న అత్తగారి ముందు కోడలు కూర్చుంది.

"అత్తయ్యా, రేడియో మాటాపలుకూ మానేసింది. తనకి నిజం చెప్పేస్తాను."

కత్తి ఆగింది. "ఏ నిజం?"

"నాది రాయి కాదని."

"ఇంత కష్టపడి కట్టుకొచ్చాను. ఇప్పుడు ఎవరో మూగబోయిందని నువ్వు వీధిన పడతావా? పనిలోంచి తీసేస్తారు. పొరుగువాళ్ళు మన గుమ్మం తొక్కరు."

"అందరూ అలా ఉండరు."

"నాకు తెలుసమ్మా ఎలా ఉంటారో." అత్తగారు కత్తి కింద పెట్టింది. "మా తమ్ముడు సైకిళ్ళు బాగుచేసేవాడు. వాడికీ ఇలాంటిదే వచ్చింది. మేం దాచలేదు. పాపం ఇలా అయిందని అందరికీ చెప్పాం, జాలి చూపిస్తారని. ఆ తర్వాత వాడి చేతికి ఒక్కరూ సైకిలు ఇవ్వలేదు. జబ్బు తగ్గింది, సైకిళ్ళు మాత్రం రాలేదు. వాడు గదిలోంచి బయటికి రావడం మానేశాడు. ఆ గదిలోనే పోయాడు. అందుకే నీకు రాయి పెట్టాను. రాయికి ఎవరూ భయపడరు."

కోడలికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆమె అడిగింది: "ఆయన ఎవరికైనా చెప్పారా అత్తయ్యా?"

"ఎవరు?"

"మీ తమ్ముడుగారు. ఆయనంతట ఆయన."

"వాడినెవరు అడిగారు? మేమే చెప్పాం."

"మీరు చెప్పారు. ఆయన చెప్పలేదు," అంది కోడలు.

అత్తగారు కత్తి తీసుకుని మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

మర్నాడు రోలరు దగ్గర, అంచు అందుకుంటూ రేడియో అంది, "రేపటి నుంచి రాను వదినా. సూపర్‌వైజరుకి సాయంత్రం చెబుతాను."

తిండి వేళ దాకా ఆగే వీలు లేదు. ఆ వేళకి రేడియో మనుషులకి దొరకదు. హాలంతా హోరు. మెల్లగా చెబితే వినపడదు. కోడలు దుప్పటి అంచు గట్టిగా పట్టుకుని అరిచింది.

"నాది రాయి కాదు!"

"ఏంటి?"

"కిడ్నీలో రాయి కాదు! డిప్రెషన్! మానసిక వార్డులో ఉన్నాను! ఇప్పటికీ రోజూ మాత్ర వేసుకుంటున్నాను!"

పక్క బల్ల దగ్గర చేతులు ఆగాయి. రోలరు మాత్రం ఆగలేదు. వచ్చిన దుప్పటిని ఇద్దరూ మడవక తప్పలేదు. ఎదురెదురుగా నడిచి, చేతులు కలిసిన చోట రేడియో అడిగింది, "షాకులిచ్చారా?"

"నాకు ఇవ్వలేదు. అవసరమైన వాళ్ళకి మత్తిచ్చి ఇస్తారట. నాకు మాత్రలిచ్చారు. ఒకావిడ కూర్చోబెట్టి మాట్లాడించేది."

ఇంకో దుప్పటి వచ్చింది. మళ్ళీ దూరం జరిగి, మళ్ళీ దగ్గరయ్యారు.

"తగ్గుతుందని నీకెప్పుడు తెలిసింది?"

"మొదట ఏమీ తెలియలేదు. మాత్రలకి నోరు ఎండిపోయేది, అంతే. ఒకరోజు బస్సులో ఎవడో నా కాలు తొక్కాడు. కోపం వచ్చింది. కోపం వచ్చినందుకు సంతోషం వేసింది."

రేడియో దుప్పటి తరువాత దుప్పటి మడిచింది. ఎప్పటికో అంది, "మరి నా బార్లీ నీళ్ళు?"

"చచ్చినట్టు తాగాను. పేగులు కడిగినట్టుండేది."

రేడియో పెదవి ఒక పక్కకి కదిలింది. దాన్ని నవ్వు అనలేం. కానీ ఆ నెలలో ఆ ముఖం మీద ఏదైనా కదలడం అదే మొదలు. ఆ సాయంత్రం ఆమె మానేస్తానని సూపర్‌వైజరుకి చెప్పలేదు, డాక్టరు దగ్గరికి వస్తానని కోడలికి చెప్పింది.

అరిచి చెప్పిన ఆ నిజానికి మూల్యం లేకపోలేదు. పక్క బల్ల ఆవిడ మర్నాటి నుంచి తిండి దగ్గర చోటు మార్చుకుంది. మరకలు తీసే ఆవిడ కోడలితో ఒక్కో మాటా విడదీసి, నెమ్మదిగా మాట్లాడసాగింది. "నాకు చెవుడు రాలేదమ్మా," అని కోడలు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. సూపర్‌వైజరు గదిలోకి పిలిచింది.

"ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే ఉంచేవారా?"

సూపర్‌వైజరు నిజాయితీ గల మనిషి. "ఏమో," అంది. కాసేపాగి, "వేడి రోలరు దగ్గర ఉండగలవా? నేను తేల్చను, నువ్వే చెప్పు," అంది.

"ఉండగలను. ఉండలేని రోజున వచ్చి చెబుతాను."

"సరే. రేడియోని డాక్టరు దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్తావు? ఇద్దరికీ సెలవు రాస్తాను." అంతటితో ఆగకుండా ఆమె ఇంకో పని చేసింది. కుళాయి మీది పోస్టరు ఊడదీయించి, బట్టలు మార్చుకునే గదిలో లోపలి గోడకి అంటించింది. కొన్నాళ్ళకి ఆ నంబరు దగ్గర గోడ మీద పెన్ను గీతలు కనిపించాయి. ఎవరో నిలబడి, పెన్ను పనిచేస్తోందో లేదో చూసుకుని, రాసుకున్నారన్నమాట.

ఆసుపత్రిలో వాళ్ళు బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. పిలుపు వచ్చినప్పుడు రేడియో లేవలేకపోయింది. కోడలు బలవంతపెట్టలేదు. "నేనూ మొదటిసారి లేవలేదు. మా ఆయన లేపాడు," అని చెయ్యి చాచింది. డాక్టరు మందు రాసిచ్చి, వారంలో మళ్ళీ రమ్మన్నాడు. అద్భుతాలేవీ జరగలేదు. తిరిగి వస్తూ రేడియో దారంతా బస్సు కిటికీలోంచి గోడలు చూసింది. ఒంటరిగా ఇంటికి వెళ్ళలేనంది. ఆమె భర్త రాత్రి కాపలా ఉద్యోగి, అప్పటికే డ్యూటీకి వెళ్ళి ఉంటాడు. కోడలు ఆమెని తనింటికే తీసుకొచ్చింది.

అత్తగారు ఏమీ అడగలేదు. అన్నం పెట్టింది. రేడియో నాలుగు ముద్దలు తింది. మధ్య గదిలో పక్క వేస్తే, దుప్పటి కప్పుకునే లోపే నిద్రపోయింది. అలసిపోయిన కోడలు వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే రేడియో ఫోను మోగింది. నిద్ర చెడుతుందని అత్తగారే తీసింది. రేడియో భర్త, తెలిసినవాడే.

"మా ఇంట్లోనే ఉంది నాయనా. పడుకుంది. ఆసుపత్రికి వెళ్ళొచ్చారు."

"ఆసుపత్రికా? ఏం జబ్బు పిన్నిగారూ?"

అత్తగారి నాలుక చివరికి అలవాటైన మాట వచ్చేసింది. కిడ్నీ అంటే సరిపోతుంది. ఎవరూ భయపడరు. ఆమె నోరు తెరిచింది. పక్క మీద ముడుచుకుని పడుకున్న మనిషిని చూసింది. నోరు మూసుకుంది. అవతల అతను "హలో, హలో," అంటున్నాడు.

"ఏం జబ్బో నేను చెప్పను నాయనా," అంది చివరికి. "అబద్ధం చెప్పను, నిజమూ నేను చెప్పను. అది నీ భార్య చెప్పాల్సిన మాట. మా ఇంట్లో ఒకడికి ఇలాగే వస్తే వాడి మాట మేమే ఊరంతా చెప్పేశాం. వాడినొక్కసారి అడిగిన పాపాన పోలేదు. కోడలికి వస్తే నేను దాచాను. రెండూ తప్పే. నువ్వు పొద్దున వచ్చి పక్కన కూర్చో. కారణాలు వెతకకు. బద్ధకం అనకు. చెప్పేదాకా ఆగు, చెబుతుంటే విను. మందు డాక్టరు ఇస్తాడు. కానీ నాకిలా ఉంది అని ఆ మనిషి సిగ్గుపడకుండా చెప్పుకునే చోటు మనమే ఇవ్వాలి. అది ఏ ఆసుపత్రిలోనూ రాసివ్వరు."

అతను, "అన్నం తిందా పిన్నిగారూ?" అని అడిగాడు.

"కొంచెం తింది."

"తెల్లారగానే వస్తాను."

"రా. అప్పటిదాకా పడుకోనీ."

ఫోను దిండు పక్కన పెట్టి, అత్తగారు ఫ్యాను ఒక మెట్టు తగ్గించింది. గది బయటికి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.