విన్నది ఆమె

"నా బదులు నువ్వు వెళ్ళిరా. ఎలాగూ వినేది నువ్వేగా" అన్నాడు భర్త, దవడకు ఐసు సంచి ఆనించుకుని.

ఆమె అప్పుడు వంటింట్లో సూపు వడగడుతోంది. ముందురోజు అతనికి జ్ఞానదంతం పీకారు. ఎడమ చెంప బన్నులా ఉబ్బింది. నమిలే పని లేకుండా కూరగాయలు ఉడికించి, మెత్తగా రుబ్బి, జల్లెట్లో పోసి గరిటెతో నొక్కి నొక్కి కిందికి దించుతోంది. అతని మాటలో వెటకారం లేదు. అబద్ధమూ లేదు. అందుకే చేతిలో గరిటె ఓ క్షణం ఆగింది. పదిహేడేళ్ళ కాపురంలో అతను ఈ సంగతిని పైకి అనడం ఇదే మొదటిసారి. అదీ పంటినొప్పి పరధ్యానంలో, అన్నట్టు తనకే తెలియకుండా.

అతను ఊళ్ళో పేరున్న పత్రికలో సంగీత విమర్శకుడు. ప్రతి సోమవారం నాలుగో పేజీలో అతని శీర్షిక వస్తుంది. ఎక్కడ కచేరీ జరిగినా రెండో వరుసలో రెండు కుర్చీలు వాళ్ళకోసం అట్టే పెడతారు. ఆయనవి పాముచెవులని ఊరంతా అనుకుంటుంది. జరిగేది మాత్రం వేరు. కచేరీ నడుస్తుండగా అతను మోచేత్తో ఆమెను పొడిచి "ఎలా ఉంది?" అంటాడు. ఇంటికొచ్చాక ఆమె గిన్నెలు తోముతుంటే భోజనాల బల్ల దగ్గర కంప్యూటర్ తెరిచి కూర్చుంటాడు. ఆమె నీళ్ళ చప్పుడు మీదుగా చెబుతూ ఉంటుంది. అతను టైపు చేస్తూ ఉంటాడు. "ఆగాగు, ఆ మాట మళ్ళీ అను" అంటాడు. ఆమె కుళాయి కట్టేసి మళ్ళీ అంటుంది.

అన్యాయంగా మాట్లాడకూడదు. అతను బాగానే రాస్తాడు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలిసినవాడు. పెళ్ళయిన కొత్తలో ఆమె ఒకసారి అడిగింది కూడా, ఇదంతా నేను చెప్పిందేగా అని. "నువ్వు చెప్పింది గాల్లో కలిసిపోతుంది, నేను రాస్తే నిలబడుతుంది. మనిద్దర్లో ఎవరు రాస్తే ఏముంది చెప్పు" అన్నాడు. మనిద్దరం అన్న మాట ఆ వయసులో ఎంతో తియ్యగా ఉండేది. ఆమె మళ్ళీ అడగలేదు. అత్తగారైతే వచ్చినవాళ్ళందరితోనూ "మావాడికి ఆ చెవులు పుట్టుకతో వచ్చాయి" అనేది, ఆ తర్వాత కోడలి వైపు తిరిగి, "నీకు పెళ్ళితో కలిసొచ్చాయి" అనేది. అది మెప్పుకోలే అనుకుని కాఫీ కలపడానికి లేచేది ఆమె.

కిందటేడు ఎడిటర్ గారింట్లో విందు జరిగినప్పుడు ఒక రిటైర్డు జడ్జిగారు ఆమె భర్త చెయ్యి పట్టుకుని వదల్లేదు. "'ఆ వయొలిన్ ఏడవలేదు, ఏడుపు ఆపుకుంది' అని రాశారు చూడండీ, ఎంత మాట, ఎంత మాట!" అని మురిసిపోయాడు. అడుగంటిన మూకుడు గీకుతూ ఆమె అన్న మాట అది. జడ్జిగారు మర్యాదకు ఆమెను కూడా పలకరించాడు. "మీకూ సంగీతమంటే ఇష్టమేనామ్మా?" ఆమె నోరు తెరిచేలోగా భర్తే అందుకున్నాడు. "వింటుందండీ. పాపం, నన్ను కట్టుకున్నాక తప్పుతుందా!" అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఏమైందని అడుగుతారు.

నిజానికి ఆమె తొమ్మిదేళ్ళు పియానో నేర్చుకుంది. ఇప్పుడు ఒక డాన్సు స్కూల్లో వాయిస్తుంది. పిల్లలు కాళ్ళు ఎత్తడానికీ దించడానికీ లెక్క తప్పకుండా వాయించడం ఆమె ఉద్యోగం. డాన్సు టీచరు ఆమెను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. "పియానో, మళ్ళీ మొదట్నించి" అంటుంది. "పియానో, కొంచెం నెమ్మది." ఓసారి కొత్తగా చేరే పిల్లల తల్లులకు హాలు చూపిస్తూ, "అద్దాలు ఈమధ్యే మార్పించాం, నేల మొత్తం చెక్కే, పియానో కూడా ఉంది" అని ఆమె వైపు చెయ్యి చూపించింది. ఆ చెయ్యి వాయిద్యాన్ని చూపిందో మనిషిని చూపిందో ఆమెకు తేలలేదు.

ఆ రోజు ఆదివారం, కచేరీ నాలుగింటికి. క్లారినెట్ వాయించే పెద్దాయన, ఆయనతో పియానో వాయించే ఆవిడ, దేశాలు తిరుగుతూ ఆ ఊరు వచ్చారు. "ఎనిమిదికల్లా పేజీ మూసేస్తారు. ఆరున్నరకు ఇంట్లో ఉండు" అన్నాడు భర్త, గడప దాకా వచ్చి. మాట ఓ పక్కనించే వస్తోంది. "అన్నీ బాగా గుర్తుపెట్టుకో. పియానో సంగతి మరీ ఎక్కువొద్దు. జనం వచ్చేది క్లారినెట్ ఆయన కోసం."

సరేనంది.

హాలు చిన్నది. రెండువందల కుర్చీలుంటాయేమో. ఒక కుర్చీలో తను కూర్చుని పక్క కుర్చీ మీద కోటు పెట్టింది. అంతలో ఒక పెద్దావిడ వచ్చి "ఎవరైనా వస్తారామ్మా?" అని అడిగింది. ఎవరూ రారని చెప్పి కోటు తీసేసింది. ఆ మాట అంటున్నప్పుడు ఒంట్లో ఎక్కడో ఒక బిగుతు బొత్తాం విప్పినంత సుఖంగా అనిపించింది. మోచెయ్యి పొడిచేవాళ్ళు లేరు.

మొదట చిన్నచిన్నవి రెండు వాయించారు. తర్వాత సొనాటా. రెండే వాయిద్యాలు, మూడు భాగాలు, ఇరవై నిమిషాలు పైచిలుకు. దాన్ని ఆమె చదువుకునే రోజుల్లో వాయించింది. ప్రతి స్వరం చేతివేళ్ళకు తెలుసు. తెలిసినదాన్ని వినబోతున్నాననుకుంది.

పియానో ఒక్క స్వరం పలికింది. ఒకటే, మధ్యలో, మెత్తగా. పియానో స్వరానికి ఒక లక్షణం ఉంది. మీటిన క్షణం నుంచే అది చచ్చిపోవడం మొదలుపెడుతుంది. ఎంత గొప్పవాళ్ళు వాయించినా దాన్ని పెంచలేరు. ఆ స్వరం సన్నగిల్లుతోంది, సన్నగిల్లుతోంది. ఉన్నట్టుండి అది సన్నగిల్లడం మానేసి పెరగసాగింది. ఆమె కుర్చీలో నిటారుగా అయింది. పియానో స్వరం పెరగదు. పెరుగుతున్నది క్లారినెట్. ఆయన ఎప్పుడు మొదలుపెట్టాడో హాల్లో ఒక్కరికీ తెలియలేదు. ఆవిడ స్వరం పోతున్న చోట, అదే ఎత్తులో, అదే రంగులో తన ఊపిరి పెట్టి దాన్ని నిలబెట్టాడు. పడిపోతున్నవాళ్ళ చెయ్యి పట్టుకున్నట్టు కూడా కాదు. అసలు పడిపోనివ్వనే లేదు.

ఆ తర్వాత ఆమె చూపు పియానిస్టు మీంచి కదల్లేదు. పలచగా, కళ్ళజోడు ముక్కు మీదికి జారుతూ, యాభై దాటిన మనిషి. ఆయన ఊపిరి తీసుకునే ముందు ఈవిడ భుజాలు లేస్తున్నాయి. ఆయన కోసం ఆగుతున్నట్టు లేదు, ఆయన్ను లాక్కెళ్తున్నట్టూ లేదు. ఒక ఊపిరిని ఇద్దరూ వాడుకుంటున్నారు, అంతే. మొదటి భాగం అయ్యాక ఆయన క్లారినెట్ కీల సందుల్లో చేరిన తేమను చిన్న కాగితంతో అద్దుకున్నాడు. ఆవిడ తొందరేమీ లేదన్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జనం దగ్గుకున్నారు. ఆయన తలెత్తి ఆవిడ వైపు చూశాడు. ఎప్పుడు మొదలుపెట్టాలో ఆవిడే చెప్పింది.

రెండో భాగం నెమ్మది. క్లారినెట్‌కు పొడుగాటి పాట, పియానోకు దాని కింద వరసగా మామూలు స్వరాలు. చదువుకునే రోజుల్లో మాస్టారు "నీదేం లేదిక్కడ, అతని కింద చాప పరిచినట్టు వాయించు" అన్నారు. అలాగే పరిచింది. ఈవిడ పరచడం లేదు. ఒక్కో స్వరాన్నీ ఒక్కో బరువుతో పెడుతోంది. ఒకచోట ఎడమచేతి చిటికెనవేలు రవ్వంత ఆలస్యం చేసేసరికి, పైన క్లారినెట్ పాటకు అర్థమే మారిపోయింది. అప్పటిదాకా గుర్తు చేసుకుంటున్నట్టున్న పాట, ఒప్పుకుంటున్నట్టు అయింది. తను వాయించిన చోటే, తనకేమీ లేదనుకున్న చోటే.

ఆపైన పాట పియానో చేతికొచ్చింది. ఇప్పుడు కింద ఉండాల్సింది క్లారినెట్. చాలామంది ఇక్కడ కూడా గొంతు తగ్గించరు. జనం వచ్చింది తమకోసమేనని వాళ్ళకు తెలుసు. ఈ పెద్దాయన ఏం చేశాడంటే, ఒంటిని ఆవిడ వైపు తిప్పి, క్లారినెట్ నోటిని నేలకు దించి, అడుగు స్వరాల్లో పైకీ కిందికీ అల్లుకుంటూ, వినీవినబడకుండా ఉండిపోయాడు. త్యాగం చేస్తున్న ముఖం పెట్టలేదు. పెద్దమనసు చూపిస్తున్న ముఖమూ పెట్టలేదు. అది ఆవిడ వంతు కాబట్టి ఊరుకున్నాడు. ఆవిడ పాట వింటూ, ఆ వినడంతోనే వాయించాడు.

ఆమెకు ఏడుపు రాలేదు. ఇలాంటప్పుడు ఏడుపొస్తే రాయడానికి బాగుంటుందని భర్త అంటుంటాడు. ఆమెకు వచ్చింది ఒక చల్లటి స్పష్టత, డాక్టరు రిపోర్టు చదివి చెప్పాక వస్తుందే, అలాంటిది. ఇలా కూడా ఉండొచ్చన్నమాట అనుకుంది.

మూడో భాగం పరుగు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ, మధ్యలో ఆవిడ ఏదో కొంటెగా తొందరపెడితే ఆయన కనుబొమ్మలెగరేసి పట్టుకుంటూ, చివరి స్వరం మీద ఇద్దరూ ఒక్కసారే ఆగిపోయారు.

బయట కోట్లు, గొడుగులు తీసుకునే వరుసలో పక్క కుర్చీ పెద్దావిడ కలిసింది. తను దర్జీననీ, ఆ పియానో ఆవిడ నల్ల గౌను భుజం దగ్గర పట్టేస్తోందంటే నిన్న సాయంత్రం విప్పి కుట్టిచ్చాననీ, ఊరికే టికెట్టు ఇచ్చారనీ చెప్పింది.

"నాకు ఇదంతా తెలీదమ్మా. చెయ్యి లేపినప్పుడు చంక దగ్గర గుడ్డ లాగుతుందా లేదా అని చూస్తూ కూర్చున్నా. కానీ మధ్యలో నెమ్మదిగా వచ్చిందే, అక్కడ నాకు చంక సంగతే గుర్తులేదు. ఏం జరిగిందమ్మా అక్కడ? నువ్వు బాగా విన్నావు, నేను చూశాను."

ఆమె చెప్పింది. చచ్చిపోయే స్వరం గురించి, దాన్ని చావనివ్వని ఊపిరి గురించి, చిటికెనవేలి ఆలస్యం గురించి, పెద్దాయన నేలకు దించిన క్లారినెట్ గురించి. వరుస కదిలింది, వాళ్ళు కదిలారు, ఆమె చెబుతూనే ఉంది. ఎవరూ ఆగాగు అనలేదు. దర్జీ ఆవిడ కళ్ళు చిన్నవి చేసుకుని, సూదిలో దారం ఎక్కిస్తున్నంత శ్రద్ధగా విన్నది.

"అయితే నేను విన్నదీ అదేనన్నమాట. దానికి మాటలున్నాయని తెలీలేదు" అంది చివరికి. "నువ్వేం చేస్తుంటావమ్మా?"

"పియానో వాయిస్తాను" అంది ఆమె. అలా అని చాలా ఏళ్ళయింది.

ఆరున్నరకు ఇల్లు చేరింది. బల్ల మీద కంప్యూటర్ తెరిచి ఉంది. సూపు గిన్నె ఖాళీ అయ్యి దాని పక్కనే ఉంది. భర్త వేళ్ళు కీబోర్డు మీద సిద్ధంగా ఉన్నాయి.

"ఊఁ, చెప్పు. ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుందంటే?"

"చాలా బాగుంది."

"టైము లేదు, సరసాలొద్దు. సొనాటా ఎలా ఎత్తుకున్నాడు? అక్కణ్ణించి మొదలుపెట్టు."

ఆమె చెప్పులు విప్పి పక్కన పెట్టింది. లోపల కోపం ఉందేమోనని వెతుక్కుంది. లేదు. మొత్తం జ్ఞాపకం ఉంది, ఎక్కడా చెరగలేదు. కానీ చెప్పాలనిపించలేదు. అంతే.

"చెప్పను" అంది.

"అలిగావా? ఇప్పుడు నేనేమన్నాను?"

"అలగలేదు."

"మరి?"

"మీరు వినలేదు కదా. వినకుండా ఏం రాస్తారు?"

అది వాదన కాదు. సూపులో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా అంది. అతను మొదట నవ్వబోయాడు, దవడ నొప్పి పుట్టి ఆపేశాడు. కాసేపు బతిమాలాడు. కింద ఎక్కడో ఆమె పేరు కూడా వేయిస్తానన్నాడు, చిన్నదిగా, సహకారం అని. ఆమె బట్టలు మార్చుకుని వచ్చేసరికి ఫోను స్పీకరులో పెట్టి ఎడిటర్‌తో మాట్లాడుతున్నాడు. ఉబ్బిన చెంపకు ఫోను ఆనించుకోలేడు.

"ఈ వారానికి వదిలెయ్యండి సార్. ఒంట్లో అస్సలు బాలేదు, కచేరీకి వెళ్ళలేకపోయాను."

"మీ ఆవిడ వెళ్ళారుగా! హాల్లో చూశాను నేను. ఆవిడనే నాలుగు ముక్కలు రాసిమ్మనండి. పేజీలో అంత ఖాళీ పెట్టుకుని ఏం చేయను?"

భర్త ఆమె వైపు చూడలేదు. గోడ వైపు చూశాడు.

"ఆవిడకి అంతగా తెలీదండీ" అన్నాడు.

ఫోనులో ఎడిటర్ ఎవరితోనో ఏదో అంటున్న మాట సన్నగా వినిపిస్తోంది. పొద్దున్న సూపు వడగడుతుంటే విన్న మాటా, ఇప్పుడు విన్న మాటా ఒకే నోటివి. మొదటిది ఇంట్లోకి, రెండోది బయటికి. ఆమె బల్ల దగ్గరికి నడిచి అతని చేతిలోంచి ఫోను తీసుకుంది. లాక్కోలేదు, తీసుకుంది. అతని వేళ్ళు కూడా గట్టిగా పట్టుకుని లేవు.

"తెలుసండీ" అంది. "ఎనిమిదికల్లా పంపిస్తాను. నా పేరుతో వెయ్యండి."

ఫోను బల్ల మీద పెట్టి, భర్త వైపు తిరిగింది.

"కాస్త లేస్తారా? ఆ కుర్చీలో నేను కూర్చోవాలి."