కప్పుల్లేని సాసర్లు

బుల్లికి నలభై దాటినా ఇంట్లో అందరికీ ఇంకా బుల్లే. టాక్సీల కంపెనీలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం ఆమెది. ఆ కంపెనీ మూతపడ్డాక అద్దె గది ఖాళీ చేసి, రెండు పిల్లుల్నీ ఒక కుక్కనీ వెంటబెట్టుకుని అన్నయ్య ఇంటికి వచ్చేసింది. వచ్చింది మొదలు గడప దాటలేదు. సోఫాలో ముడుచుకుని పడుకునేది. మనుషులతో "ఊ", "ఊహూ" తప్ప మాట లేదు. పిల్లులతో మాత్రం గుసగుసగా ఏవో చెప్పుకునేది.

వదిన కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. "దాని మానాన దాన్ని ఉండనీ" అని మొగుడికి చెప్పి, ఆడపడుచును ఏమీ అనకుండా నెట్టుకొచ్చింది.

ఒకరోజు దుకాణం యజమానురాలు టీకి వచ్చింది. వదిన అలమారలోంచి పూల అంచు ప్లేట్లు తీసి బిస్కెట్లు పెట్టింది. ఆవిడ ఒకటి కొరికిందో లేదో, దొరసాని అనే చప్పిడి ముక్కు పిల్లి బల్ల మీదికెక్కి కూర్చుంది. "ఎవరు నువ్వు, నా కంచం దగ్గర?" అన్నట్టు ఆవిడ ముఖంలోకి చూసింది. బిస్కెట్లు కాలితో పక్కకు తోసి, ప్లేటు మధ్యలో తీరిగ్గా నాకడం మొదలుపెట్టింది.

"దీనికి ఈ ప్లేటు బాగా అలవాటులా ఉందే" అంది యజమానురాలు, చేతిలోని బిస్కెట్టు నెమ్మదిగా కింద పెట్టేస్తూ.

ఆవిడ వెళ్లాక ఇల్లు దద్దరిల్లింది.

"నా పెళ్లికి మా అక్క ఇచ్చిన ప్లేట్లు! వాటిలో పిల్లికి పెడుతున్నావా?"

బుల్లి తల దించుకుంది. "లోతు గిన్నెలో మూతి పెడితే దానికి ఊపిరాడదు వదినా. మీసాలు అంచుకు తగిలినా తినడం మానేస్తుంది. ప్రతిసారీ వేడినీళ్లతో కడుగుతూనే ఉన్నా."

"కడిగావు సరే, నాకు చెప్పావా?"

అన్నయ్య లిఫ్టులు బాగుచేసే మనిషి. ఇద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్క అయిపోయి, "ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందట" అంటూ చెప్పులు వేసుకున్నాడు. ఫోను మోగిన చప్పుడు మాత్రం ఎవరికీ వినబడలేదు.

మర్నాడు సెలవు. కోపం దిగిపోయిన వదిన సంచి పట్టుకుని వచ్చి సోఫా ముందు నిలబడింది.

"పద. వాటికి వేరే ప్లేట్లు కొందాం. పాత సామాన్ల గోదాములో చవగ్గా దొరుకుతాయట."

"నువ్వే తెచ్చెయ్ వదినా."

"నీ పిల్లి మూతి కొలత నాకేం తెలుసు? లేచి తల దువ్వుకో."

తప్పు తనవైపు ఉంది కాబట్టి బుల్లి కాదనలేకపోయింది.

గోదాములో కాళ్లు విరిగిన కుర్చీలు, తలుపుల్లేని బీరువాలు దాటి వెళ్తే, చివరి గోడ వారన పింగాణీ గుట్ట ఉంది. కప్పులు పగిలిపోగా మిగిలిన సాసర్లు, సెట్టు చెదిరిన ప్లేట్లు, అన్నిటి మీదా వేలెడు దుమ్ము. తెల్లగడ్డం యజమాని స్టూలు మీద కూర్చుని ఏదో పాత రేడియో విప్పుకుంటున్నాడు.

వదిన చేతికందిన ప్లేటు తీసింది. "ఇదిగో, బావుంది, చవక కూడా."

బుల్లి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టింది. మొద్దుగా టక్‌మంది. "బీట వారింది వదినా. సందులో తిండి ఇరుక్కుంటే వాసనొస్తుంది." ఇంకోటి తీసి కొట్టింది. ఖంగుమంది. "ఇదీ ప్లేటంటే!"

చూస్తుండగానే నేల మీద చతికిలబడిపోయింది. దొరసానికీ, రెండో పిల్లి బూడిదకీ వెడల్పాటి సాసర్లు. గిన్నెను ఇల్లంతా తోసుకుంటూ తిరిగే కుక్క డప్పుకి, జారకుండా బరువైన పళ్లెం. పగుళ్లు ఉన్నవి ఒకవైపు, లేనివి ఒకవైపు. పనిలో పనిగా గుట్టంతా ఏరడం మొదలుపెట్టింది.

చొక్కా నిండా రంగు మరకలున్న పెయింటరు ఒకాయన వచ్చి, షాపు ఆమెదే అనుకున్నాడు.

"అమ్మా, మా కుక్క ముసలిదైపోయింది. గిన్నె ముందు నిలబడుతుంది గానీ తినదు. ఏదైనా వేరే గిన్నె ఉందా?"

"మెడ వంచడానికి ఇబ్బంది పడుతోందాండీ?" అంది బుల్లి.

వదిన చటుక్కున తిరిగి చూసింది. ఆ గొంతు విని ఎన్నాళ్లయింది! వానలో చిక్కుకుని, టాక్సీ రాలేదని చిందులు తొక్కేవాళ్లను సైతం చల్లబరిచిన ఫోను గొంతు అది.

బుల్లి గుట్టలోంచి ఎత్తు కాడ మీద నిలబడే, పండ్లు పెట్టుకునే పళ్లెం ఒకటి లాగింది. "ఇందులో పెట్టి చూడండి, తల వంచక్కర్లేదు. అప్పటికీ తినకపోతే డాక్టరుకి చూపించండి, ఆలస్యం చెయ్యకండి."

పెయింటరు బేరమాడకుండా కొనుక్కుపోయాడు. తెల్లగడ్డం ఆయన రేడియో పక్కన పెట్టి లేచాడు.

"దాన్ని పారేద్దామనుకున్నానమ్మా నేను!"

"చూశారా, మీ సరుకు అమ్మిపెట్టాం. మా వాటికి సగం ధర వేసుకోండి" అందుకుంది వదిన.

"సగమా? నా గడ్డం కూడా కోసుకుపోండి!"

"గడ్డం మాకెందుకు? ఆ బరువు పళ్లెం కొసరుగా వెయ్యండి, చాలు."

ఆయన నవ్వి, వేశాడు. తర్వాత బుల్లి వైపు తిరిగాడు. "మధ్యాహ్నాలు వచ్చి ఈ మూల చూసుకుంటావా? అమ్మినదాంట్లో నీకు వాటా ఇస్తా."

బుల్లి చేతిలోని సాసరు కింద పెట్టేసింది. "నావల్ల కాదండీ" అని సంచి అందుకుని గబగబా బయటికి నడిచింది.

బస్సెక్కాక బుల్లి సంచి ఒళ్లో పెట్టుకుని సాసర్లు మళ్లీ మళ్లీ లెక్కపెట్టింది.

"నేనేం అనలేదు" అంది వదిన చివరికి.

"అనబోతున్నావు."

"అనబోయాను. అనలేదుగా!"

బుల్లి కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

ఆ తర్వాత కూడా వదిన ఆ ఊసు ఎత్తలేదు. నోరు కట్టేసుకోవడమంత కష్టమైన పని ఆవిడ జీవితంలో చెయ్యలేదు. కొన్నాళ్లకు ఒక సాయంత్రం పని నుంచి వచ్చేసరికి సోఫా ఖాళీ. కుక్కా లేదు. వచ్చిన కాళ్లతోనే గోదాముకి పరిగెత్తింది.

బుల్లి సబ్బునీళ్ల తొట్టి ముందేసుకుని సాసర్లు తోముతోంది. డప్పు ఆమె కాళ్ల మీద తల ఆనించి పడుకుంది.

"ఒక్కదాన్నే రావాలంటే భయమేసింది వదినా. దీన్ని తోడు తెచ్చుకున్నా."

"ఎవరైనా వచ్చారా?"

"ఇద్దరు. ఒకావిడ ఊరికే చూసి వెళ్లిపోయింది." తడి చేత్తో నుదురు తుడుచుకుంది. "ఇంకొకావిడ రెండు కొంది."

వదిన కొంగు దోపుకుని పక్కన కూర్చుని ఒక సాసరు అందుకుంది.

నెల తిరక్కముందే, ఒక రాత్రి భోజనాల దగ్గర బుల్లి విరుచుకుపడింది.

"ఆ ముసలాయనకి బుద్ధి లేదన్నయ్యా! వచ్చేపోయేవాళ్లకి కనబడేలా సాసర్లు గుమ్మం దగ్గర సర్దితే, తీసుకెళ్లి నిలువుటద్దాల వెనకాల పెట్టాడు. అడిగితే, అద్దాలకి వెలుతురు కావాలట! సాసర్లకి అక్కర్లేదా? పైగా నా బల్ల మీద రేడియో ముక్కలు..."

అన్నం చల్లారిపోతోంది. ఆమె ఆగలేదు. అన్నయ్య కంగారుగా భార్య వైపు వంగాడు.

"ఇంత కోపంగా ఉంది. రేపు వెళ్తుందంటావా?"

"వెళ్లి పోట్లాడొద్దూ!" అంది వదిన, ఆడపడుచు కంచంలో మరో గరిటె వడ్డిస్తూ.