మెరవని స్ఫటికం

స్ఫటికమంటే తళతళలాడి తీరాలని టీవీ విలేకరి పట్టుదల. పరిశోధకురాలు చూపించిందేమో నల్లగా ఆవగింజంత ఉంది. నెలల తరబడి కొలిమి ముందు కాపు కాసి, పసిబిడ్డను సాకినట్టు సాకి ఆమె పెంచిన కొత్త క్వాంటం పదార్థం అది. విపరీతమైన చలిలో దాని అంచుల వెంట కరెంటు అడ్డూ ఆపూ లేకుండా పరుగెడుతుంది. ఆమెకంటే ముందు దాన్ని ఎవరూ తయారుచేయలేదు.

విలేకరి మొహం వేలాడేశాడు. బల్లమీద కాగితాలు ఎగరకుండా పెట్టిన నీలం గాజుబిళ్ల కంటబడగానే అతని ప్రాణం లేచొచ్చింది.

“మేడమ్, ఇది పట్టుకోండి. ఇక ఫోన్లకి ఛార్జింగే అక్కర్లేదని ఒక్క ముక్క చెప్పండి, చాలు.”

“అది ఉత్త గాజండీ. ఛార్జింగ్ సంగతి నాకే తెలీదు. దేనికి పనికొస్తుందో ఇంకా చూడాలి.”

“తెలీదంటే వార్తెలా అవుతుంది? ఇది పట్టుకుంటే ఏడింటికి వేస్తాం. లేదంటే లేదు.”

అతను గాజుబిళ్లను ఆమె చేతిలో పెట్టాడు. అమ్మాయి టీవీలో వస్తుందని, బస్సు డ్రైవరుగా రిటైరైన నాన్న పొద్దుటి నుంచి వీధంతా టాంటాం వేశాడు. ఇప్పుడు రాలేదంటే ఆయనకు తల కొట్టేసినట్టవుతుంది. అయినా సరే, ఆమె గాజుబిళ్లను తిరిగి కాగితాల మీదే పెట్టేసింది.

ఇంటికొచ్చేసరికి ముందుగది నిండా ఇరుగుపొరుగే. వార్తలు అయిపోయి సబ్బుల ప్రకటన వస్తోంది. ఆమె గుమ్మంలోనే నిలబడి జరిగిందంతా చెప్పింది.

“నీ పరువు తీశాను నాన్నా.”

“ఆ బిళ్లేదో పట్టుకుంటే నీ సొమ్మేం పోయిందే?” అంటూ పక్కింటి పిన్ని బుగ్గలు నొక్కుకుంది.

నాన్న లేచి టీవీ కట్టేశాడు.

“అలా అంటావేంటి చెల్లెమ్మా? లోకంలో ఇంతవరకు లేనిదాన్ని మొట్టమొదట చూసింది నా కూతురు! గాజుముక్క పట్టుకుని పళ్లికిలించడానికా అంత కష్టపడింది?” ఆయన కూతురి వైపు తిరిగాడు. “ఏదమ్మా, అసలుది నాకు చూపించు.”

ఆమె ఫోన్లో దాని ఫొటో తెరిచి చూపించింది. ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు.

“ఇంతేనా?”

“ఇంతే నాన్నా.”

ఆ నల్లచుక్కను ఆయన చాలాసేపు కళ్లారా చూసుకున్నాడు. తర్వాత కాలరెగరేసి, ఫోను పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాడు.

“సరిగ్గా చూడండి. మెరవదు. మా అమ్మాయి చేసింది.”