బొటనవేలంత జాగా

"నిలబడు బిడ్డా. కూసున్నప్పుడు కాలు చిన్నగనే ఉంటది, నిలబడితే సాగుతది," అంటూ ఇశ్రాయేలు ఆ పిల్లవాడి మడమను తన అరచేతిలోంచి నేల మీదికి దించాడు. పొద్దుటి నుంచి అది పదిహేడో జత. పిల్లవాడు నిలబడ్డాక బూటు ముందుభాగాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు. వేళ్ళ చివరకూ బూటు చివరకూ నడుమ తన బొటనవేలంత జాగా ఉంది. మడమ వెనక చిటికెనవేలు పెడితే కష్టంగా దూరింది. అద్దం దాకా నడిచి రమ్మన్నాడు. నడిచేటప్పుడు మడమ బూటులోంచి పైకి లేవలేదు.

"సరిపోయింది. తీస్కపోండ్రి" అన్నాడు తల్లిదండ్రులతో.

బడులు తెరిచే ముందు పది రోజులు పత్తర్‌గట్టి బజారులోని ఆ పిల్లల బూట్ల దుకాణంలో నడుం వాల్చే తీరిక ఉండదు. దుకాణం సన్నగా, లోతుగా ఉంటుంది. రెండు గోడల వెంటా పైకప్పు దాకా అట్టడబ్బాలు. బయట రాతి కమాను కింద బండ్లవాళ్ళ కేకలు, లోపల కొత్త రబ్బరు వాసన. ఇశ్రాయేలు ఇందులో చేరినప్పుడు అతనికి ఇరవై ఒకటి. ఇప్పుడు యాభై తొమ్మిది. ముప్పై ఎనిమిదేళ్ళు ముక్కాలిపీట మీద ముందుకు వంగి కూర్చోవడంతో వీపు అలాగే నిలిచిపోయింది. వీధిలో నడిచేటప్పుడు కూడా ఎవరి కాళ్ళో చూస్తున్నట్టే ఉంటాడు. నిజానికి చూస్తాడు కూడా. మనుషుల ముఖాలు అతనికి గుర్తుండవు. వెడల్పు పాదం, పల్చటి మడమ, ఒకదానికంటే ఒకటి పొడుగున్న కాళ్ళు మాత్రం ఏళ్ళ తరబడి గుర్తుంటాయి.

యజమాని రామలింగం సేటు చెడ్డవాడు కాడు. తాతలనాటి దుకాణం, గల్లాపెట్టె దగ్గర అదే పరుపు. పనివాళ్ళకు పండగకు బట్టలు పెడతాడు, చావుకీ పెళ్ళికీ వస్తాడు. ఒక్కటే నియమం: వచ్చిన గిరాకీ వాపసు పోకూడదు. కావలసిన నంబరు లేకపోతే ఉన్న నంబరే సరిపోవాలి. పెద్దదైతే ముందు దూది కుక్కాలి. చిన్నదైతే "వాడితే వదులైతయ్" అనాలి. ఈ రకం బూట్లు వదులు కావని ఇశ్రాయేలుకు తెలుసు. అయినా ఆ మాట వేలసార్లు అన్నాడు. అన్న ప్రతిసారీ తల వంచుకుని డబ్బా మూత పెట్టేవాడు. ముఖాలు గుర్తుండకపోవడం మంచిదే అనుకునేవాడు.

ఒకసారి ఆ మాట ఇంట్లో అన్నాడు.

కూతురు సుజనకు అప్పుడు ఆరేళ్ళు. క్రిస్మస్ ముందురోజు సేటు అద్దాల బీరువాలోంచి ఎర్ర బూట్ల జత తీసి, "బిడ్డకు తీస్కపో" అని ఊరికే ఇచ్చాడు. ఎండ తగిలి ఒక పక్క కాస్త వెలిసింది గానీ అందమైన జత. పదో నంబరు. సుజనది పదకొండు. దుకాణం మెట్లు దిగకముందే ఇశ్రాయేలుకు తెలుసు. ప్రేమతో ఇచ్చినదాన్ని మార్చివ్వమని ఎలా అడగడం అనుకున్నాడు. ఇంట్లో ఆ పిల్ల బూట్లు తొడుక్కుని గది అంతా గంతులేసింది. భార్య లీలమ్మ "గుంజినట్టు లేదా?" అంటే, "వాడితే వదులైతయ్" అన్నాడు. సుజన కూడా "నొస్తలేవు బాపు" అంది. ఏడాదిన్నర వేసుకుంది. పదేళ్ళు నిండేసరికి ఎడమకాలి రెండోవేలు బొటనవేలి మీదికి ఎక్కింది. ఇంట్లో ఎవరూ ఆ ఎర్ర బూట్ల మాటెత్తలేదు. ఆ తర్వాత ఆమె మూసిన బూట్లు తొడగడం మానేసి చెప్పులతోనే కాలేజీకి వెళ్ళింది, చెప్పులతోనే నర్సు చదువు పూర్తిచేసింది.

ఇప్పుడు ఆమెకు ఖమ్మంలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. ఈ సాయంత్రమే ప్రయాణం. లీలమ్మ కూడా వెళ్ళి రెండు రోజులుండి గది చూసి వస్తుంది. సికింద్రాబాద్ స్టేషన్‌కు ఆరున్నరకు ఆటో చెప్పారు. అక్కడ రోజంతా నిలబడే పని, తెల్ల బూట్లు తప్పనిసరి. వారం నుంచి ఇశ్రాయేలు కూతురికి ఒక మంచి జత కొనాలనుకుంటున్నాడు. తను పనిచేసే దుకాణంలో పెద్దవాళ్ళవి ఉండవు, వేరేచోట కొనాలి. కానీ సుజన కాలి నంబరు ఇప్పుడెంతో అతనికి తెలియదు. ఊళ్ళో పిల్లలందరి కాళ్ళూ పట్టుకున్నవాడు ఆ సంగతి భార్యను అడగడానికి నోరు రాక వారం గడిపేశాడు. అయిదింటికి వెళ్తానని సేటును మాత్రం పొద్దున్నే అడిగాడు. సేటు తలూపాడు.

నాలుగు దాటాక ఒకామె ఇద్దరు పిల్లలతో మెట్లెక్కింది. మాటల్లో తన పేరు మహేశ్వరి అని చెప్పింది. కంచన్‌బాగ్‌లో ఒక క్యాంటీన్‌లో గిన్నెలు తోముతుంది. చేతివేళ్ళు నీళ్ళలో నాని తెల్లబడి ఉన్నాయి. కొడుకు నందుకు ఎనిమిదేళ్ళు, కూతురు శ్రీహితకు ఆరు.

"ఇద్దరికీ నల్ల బూట్లన్నా. ఎనిమిది వందలల్ల రెండు జతలు రావాలె. రెండు నంబర్లు పెద్దయియ్యి, వచ్చే యేడు గూడ నడవాలె."

"రెండు నంబర్లు పెద్దయైతే కాలు లోపల జారుతదమ్మా. పోరడు ఉరుకుతుంటె పడతడు. బొటనవేలంత జాగ చాలు, యేడాది నడుస్తయ్. పగలంత తిరిగిన కాలు సాయంత్రం ఉబ్బుతది, నువ్వు మంచి టైంకే తెచ్చినవ్."

నందుకు మూడో జత సరిపోయింది. శ్రీహిత పాదం చిన్నదే గానీ ముందు వెడల్పు. కాలు కొలిచే చెక్క మీద నిలబెడితే పదకొండు. ఆ ధరలో పదకొండూ పన్నెండూ అయిపోయాయి. పదమూడులో కాలు ఈదుతోంది. పదిలో ఒక జత ఉంది, పట్టీ మీద చిన్న వెండి పువ్వుతో. శ్రీహిత కళ్ళు ఆ పువ్వు మీద పడ్డాయి. తనే కాలు దూర్చింది.

"నొస్తుందా బిడ్డా?"

"లేదు తాతా. మస్తున్నయ్."

ఇశ్రాయేలు బొటనవేలితో నొక్కాడు. లోపల వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. కప్ప కూర్చున్నట్టు, అయిదువేళ్ళూ. అతను వేలు తీయకుండా ఒక క్షణం ఆగాడు.

"ఏందయ్యా ఇశ్రాయేలూ?" గల్లాపెట్టె దగ్గరనుంచి సేటు అడిగాడు. "పోరికి నచ్చినయ్ గద. జల్దీ ప్యాక్ చెయ్యి, వెనక మంది ఉన్నరు."

"వాడితే వదులైతయ్" అని ఇశ్రాయేలు నోటినుంచి వచ్చేసింది. తన గొంతేనా అనిపించింది. తల వంచి డబ్బా మూత పెట్టాడు. మహేశ్వరి చీర కొంగులోంచి మడత నోట్లు తీసి ఇచ్చింది. శ్రీహిత డబ్బాను సంచిలో వేయనివ్వలేదు, రెండు చేతులతో గుండెకు హత్తుకుని మెట్లు దిగింది.

తర్వాతి పిల్ల వచ్చి బెంచీ మీద కూర్చుంది. ఆ పిల్ల మేజోడు తీస్తూ ఇశ్రాయేలు ఆగిపోయాడు. తన చేతివేళ్ళు శ్రీహిత ముడుచుకున్న కాలివేళ్ళనే ఇంకా తాకుతున్నట్టున్నాయి. లేచి నిలబడ్డాడు. "ఇప్పుడే వస్త సేట్" అన్నాడు. జవాబు వినకుండా బయటికి నడిచాడు.

అతను పరుగెత్తి ఎన్నాళ్ళయిందో. గాజుల బండ్లనూ బేరాలాడే జనాన్నీ తోసుకుంటూ, వంగిన వీపుతో, తలలు కాకుండా కాళ్ళు చూస్తూ వెళ్ళాడు. మదీనా చౌరస్తా దగ్గర బస్సు ఆగేచోట వెడల్పయిన ఆ చిన్న పాదాలు కనిపించాయి.

"అమ్మా, ఆగు. ఆ బూట్లు పోరికి చిన్నగైతయ్. నేను అబద్ధం చెప్పిన. వాపస్ రా, మారుస్త."

మహేశ్వరి అతన్ని పైనుంచి కిందికి చూసింది. "అప్పుడే చెప్పొద్దా పెద్దమనిషీ? సగం రోజు కూలి ఇడిసిపెట్టొచ్చిన. మల్ల అంత దూరం నడుసుడా?"

"తప్పైంది."

శ్రీహిత డబ్బాను ఇంకా గట్టిగా పట్టుకుంది. "నాకు నొస్తలేవు, నొస్తలేవు" అంటూ దారి పొడుగునా ఏడ్చింది.

దుకాణంలో మహేశ్వరి జరిగిందంతా సేటుకు చెప్పింది. సేటు నోట్లు లెక్కపెడుతూ ఇశ్రాయేలు వైపు ఒకసారి చూశాడు. ఇశ్రాయేలు నిచ్చెన వేసుకుని అటకెక్కాడు. నాలుగేళ్ళ కింద రావడం ఆగిపోయిన లేసుల రకం ఒకటి ఉండాలి. దుమ్ములో, చెమటలో, డబ్బా తరువాత డబ్బా విప్పాడు. గోడగడియారం అయిదు కొట్టింది, అయిదుంబావు అయింది. తొమ్మిది అని రాసిన ఒక డబ్బాలో పదకొండు దొరికింది.

అది శ్రీహిత కాలికి సరిగ్గా కుదిరింది. వేళ్ళు చాపుకుని ఉన్నాయి. బొటనవేలంత జాగా ఉంది. లేసు ముడి ఎలా వేయాలో మహేశ్వరికి చూపించాడు. "మూడు నెలలకోసారి నిలబెట్టి గిట్ల నొక్కి చూడు. అడగకు. పిల్లలు చెప్పరు" అన్నాడు.

"దీనికి పువ్వు లేదు" అంది శ్రీహిత. అతని ముఖం చూడకుండా మెట్లు దిగింది.

మహేశ్వరి వెళ్తూ వెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. సేటు అప్పుడు నోరు విప్పాడు. "ముప్పై ఎనిమిదేండ్లు లేనిది ఇయ్యాల ఏమైందయ్యా నీకు? అబద్ధం చెప్పినమని బజార్ల ఒర్రుకుంట ఉరుకుతరా?" ఇశ్రాయేలు చేతులు కడుక్కున్నాడు. "తెల్లారి మాట్లాడుదాం సేట్. బిడ్డ పోతుంది" అన్నాడు. అప్పటికి అయిదున్నర దాటింది.

పురానాపూల్ దగ్గర రద్దీలో అతనెక్కిన షేర్ ఆటో కదలలేదు. దిగి, మిగతా దారి నడిచాడు. కార్వాన్‌లో తమ గల్లీ మలుపు తిరిగేసరికి గుమ్మం ముందు ఆటో నిలబడి ఉంది. లీలమ్మ సామాను ఎక్కిస్తోంది. "గిప్పుడా వచ్చేది?" అంది. సుజన లోపల సూట్‌కేసు మూస్తోంది. బట్టల పైన తెల్ల బూట్లు.

ఇశ్రాయేలు చెప్పులు విడవకుండానే వెళ్ళి ఒక బూటు చేతిలోకి తీసుకున్నాడు.

"నేనే కొన్న బాపు. ఏడో నంబరు. ఆరు నడుస్తది గని, ఆ వేలు పైకెక్కుతది గద, అందుకని ఒకటి పెద్దది తీసుకున్న."

"మడమ జారుతది. పన్నెండు గంటలు ఎట్ల నిలబడతవ్?"

"మేజోళ్ళు రెండేస్త."

గోడకున్న క్యాలెండర్ నుంచి అయిపోయిన నెల కాగితం చింపి, అతను నేల మీద తిరగేసి పరిచాడు. "నిలబడు" అన్నాడు. సుజన నవ్వబోయి, తండ్రి ముఖం చూసి ఆగింది. వచ్చి కాగితం మీద నిలబడింది. ఇశ్రాయేలు మోకాళ్ళ మీద కూర్చుని, కిటికీలో ఉన్న పెన్సిల్ ముక్కతో ఆమె పాదం చుట్టూ గీయసాగాడు. ముందు కుడికాలు. తర్వాత ఎడమకాలు. ఆ వేలు పైకెక్కాక ఇంత దగ్గరగా ఆ కాలిని అతను ఎన్నడూ చూడలేదు. బొటనవేలి మీదికెక్కిన ఆ వేలి మీద చర్మం నల్లగా కాయకట్టి ఉంది. పెన్సిల్ అక్కడ ఆగింది.

"ఆ ఎర్రబూట్లు నీకు చిన్నగ ఉండె బిడ్డా" అన్నాడు తల ఎత్తకుండా. "నాకు ఆ రోజే తెలుసు."

సుజన ముందుకు వంగింది. ఆమె చెయ్యి అతని వంగిన వీపు మీద పడింది.

"నాకు గూడ తెలుసు బాపు. నువ్వు ఎన్నడు చెప్తవో అని చూసిన."

బయట ఆటో హారన్ మోగింది. లీలమ్మ కేకేసింది. సుజన కాగితం మీంచి దిగి, తెల్లబూటు తండ్రి చేతిలోంచి తీసుకుని సూట్‌కేసులో పెట్టుకుంది. "సరైనయి దొరికితే పంపు" అంది గుమ్మం దగ్గర. అతను తలూపాడు. ఆటో గల్లీ చివర మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికి వచ్చాడు.

ఇంకా దీపాలు పెట్టే వేళ కాలేదు. నేల మీద కాగితం అలాగే ఉంది. కుడి పాదం గీత నిండుగా కలిసింది. ఎడమ పాదానిది రెండోవేలి దగ్గర ఆగిపోయి, ఇంకా తెరుచుకునే ఉంది.