రెండు పానా దెబ్బలు

తరిగొప్పుల చుట్టుపక్కల చెడిపోయిన బోరు మోటార్లను పైకి తీయడం మా పని. కొమురెల్లన్న గొలుసు లాగితే పైపు పైకి వచ్చేది. అది జారకుండా నేను క్లాంపు బిగించేవాడిని. ఆయన నోరు మూసేవాడు కాదు, నేను తెరిచేవాడిని కాదు.

క్లాంపు బిగిసిందో లేదో నేను చెప్పడం లేదని మొదట్లో రోజూ తిట్టేవాడు.

"నీ నోట్లె నాలుకున్నదా, బోర్ల పడ్డదా, అమర్‌సింగూ?"

చివరికి ఉపాయం కూడా ఆయనే చెప్పాడు.

"మాట్లాడకు తియ్యి. బిగించినంక పానాతోని పైపు మీద రెండు దెబ్బలు కొట్టు. గదే నీ మాటనుకుంట."

పదకొండేళ్లు అట్లాగే నడిచింది.

మొన్న ఎండాకాలంలో ఒకరోజు ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. పని హాయిగా సాగుతోందనుకున్నాను. నేను మౌనంగా ఉన్నానంటే బాగున్నట్టే. ఆయనా అంతేననుకున్నాను. తొమ్మిదో పైపు దగ్గర ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. జనగామ దవాఖానకు చేరేలోపే పోయాడు.

"పొద్దుగాల ఇంట్ల గూడ నోరు తెరువలే. నీకన్న చెప్పిండా, తమ్మీ?" అని ఆయన భార్య రాజమణి అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన చెప్పలేదు, నేను అడగనూ లేదు.

ఇప్పుడు గొలుసు నరేందర్ లాగుతున్నాడు. అతనూ మాటకారే. కాసేపు మాట ఆపితే నా చేతులు ఆగిపోతాయి.

"ఏమైంది? మంచిగున్నవా?" అంటాను.

"నీకు గిన్ని మాటలు ఎప్పటిసంది వచ్చినయే, అన్నా?" అని నిన్న నవ్వాడు.

పానాతో పైపు మీద రెండు దెబ్బలు కొట్టాను. అదేమిటో అతనికి తెలియదు.