అక్క చెయ్యి

చెంచా వీపుతో కుండ భుజం మీద సున్నాలు చుడుతోంది అక్క. పెద్దవి కావు, కందిగింజంత సున్నాలు, ఒకదాని అంచు మీద ఇంకొకటి. రుద్దిన మేర మట్టి తడి పెదవిలా మెరుస్తోంది. షెడ్డులో అందరూ ఆమెను అక్క అనే అంటారు, ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా. పేరొకటి ఉండే ఉంటుంది కాని, కరెంటు బిల్లు నుంచి గుమ్మం మీది బోర్డు దాకా అన్నీ తమ్ముడి పేరు మీదే ఉన్నాయి కాబట్టి దానితో ఎవరికీ పని పడలేదు.

మట్టి ఎంచేదీ ఆమే. కుండలు కాల్చే డ్రమ్ములో మంటకు పద్ధతుండదు. ఒక పక్క నాకుతుంది, ఒక పక్క పొగబెట్టి ఊరుకుంటుంది. ఉత్త నున్నటి మట్టితో చేసిన కుండ ఆ పక్షపాతాన్ని తట్టుకోలేక చీలిపోతుంది. అందుకని పాత పెంకులు దంచి, జల్లించి మట్టిలో కలుపుతుంది. కలిపితే కుండ బతుకుతుంది కాని ఒళ్ళంతా గరుకు. ఆ గరుకు మీద నీళ్ళలో తేర్చిన సన్నమట్టి పూత పూసి, సగం ఆరనిచ్చి, అప్పుడు చెంచా అందుకుంటుంది. ఇంతా అయ్యాక తమ్ముడు వచ్చి కుండ అడుగున పుల్లతో తన సంతకం గీస్తాడు. చక్రం మీద తిప్పింది అతనే కదా, గియ్యనీ అనుకునేది అక్క. అలా అనుకోకుండా ఉండాల్సింది.

వానలు వెలిసినప్పటి నుంచి మెరుపు నిలవడం లేదు. కుండల్ని ముందు కరెంటు బట్టీలో సన్నగా కాల్చి, తరవాత ఇనప డ్రమ్ములో రంపంపొట్టు, ఉప్పు, రాగితీగ ముక్కల మధ్య పేర్చి తగలబెడతారు. పొగకు నలుపు, రాగికి ఎరుపు వస్తాయి. మెరుపు మాత్రం మంటది కాదు, చెంచాది. అద్దంలా వెళ్ళిన కుండ బూడిద మొహంతో తిరిగొస్తుంటే తప్పు తనదే అనుకుంది అక్క. ఒకసారి రుద్దేది రెండుసార్లు రుద్దింది. మణికట్టు వాచి, అన్నం కలపడానికే ప్రాణం పోతున్నా, ఎవరైనా చూస్తే చెయ్యి కొంగు కింద దాచుకుని, వాళ్ళు వెళ్ళాక మళ్ళీ రుద్దింది.

ఇవాళ డ్రమ్ము తెరిచే వేళకు షాపావిడ వచ్చింది. వీళ్ళ సరుకంతా కొనేది ఆవిడే. తమ్ముడు బూడిదలోంచి ఒక్కొక్క కుండే తీసి ఇస్తుంటే అటూ ఇటూ తిప్పి చూసింది.

"రంగులూ పాలిపోయాయి. మెరుపు సంగతి సరేసరి."

"మా అక్క చెయ్యి ఇదివరకట్లా లేదండీ," అన్నాడు తమ్ముడు, గొంతు తగ్గించకుండా. "వయసైపోయింది. పోనీ వార్నిష్ కొట్టించి ఇస్తాలెండి."

"పాపం," అంది షాపావిడ.

కుమ్మరికి ఏడాది, గుదియకు పెట్టు అంటారు, ఏడాది కష్టం ఒక్క కర్ర దెబ్బకు పోతుందని. అక్కకు పడింది అలాంటి పెట్టే. మట్టి పట్టిన చేతిని చీరకు తుడుచుకుని తల వంచుకుంది. ఆవిడ జాలి ఆవిడ కారెక్కి వెళ్ళేదాకా షెడ్డులోనే ఉంది.

తరవాత కుండలకు అంటిన బూడిద దులపడానికి కూర్చుంది. ఒకదాన్ని వేలి కణుపుతో తట్టింది. ఖంగుమంది. ఇంకోటి తట్టింది. అదీ ఖంగుమంది. సన్నగా కాలిన కుండ అలా పలకదు, మొద్దుగా పలుకుతుంది. మరీ గట్టిగా కాలితేనే ఈ గంట మోత. ఆ వేడికి ఎంత రుద్దిన మెరుపైనా చచ్చిపోతుంది, తరవాత పొగా రాగీ కూడా సరిగ్గా పట్టవు. ఇన్నాళ్ళూ దిగులులో పడి ఒక్క కుండనూ తట్టి చూడలేదు.

మరదలు నీళ్ళు తెచ్చింది. బట్టీ మీట చూసుకునేది ఆమే.

"బట్టీ వేడి పెంచారా?"

"వానలు వెలిసినప్పుడే ఆయన పెంచమన్నారు కదా వదినా! కుండలు నీళ్ళు కారుతున్నాయని షాపావిడ గోల పెడితేనూ..." మరదలు ఆగింది. "మీకు చెప్పలేదా?"

అక్క లేచి చక్రం దగ్గరికి వెళ్ళింది. తమ్ముడు తల ఎత్తలేదు.

"ఒరేయ్, వేడి వల్ల మెరుపు పోతోందని నీకు తెలుసా?"

తమ్ముడు చక్రాన్ని చేత్తో ఆపాడు.

"తెలుసక్కా."

"తెలిసే నా చెయ్యి అన్నావా?"

"నా తప్పంటే ఆవిడ ఇంకోచోటికి పోదూ? నువ్వంటే ఇంట్లోదానివి. ఏమనుకుంటావు?"

ఆడలేక మద్దెల ఓడు అన్నవాడు కూడా మద్దెలను ఇంత నమ్మకంగా తిట్టి ఉండడు. ఇంట్లోవాళ్ళంటే అంత లోకువ మరి! పరువు వీధిలోవాళ్ళకు, నింద ఇంట్లోవాళ్ళకు. ఆ వాచిన మణికట్టు రోజూ అతని కంచం పక్కనే కూర్చుని తింది. చూస్తూ ఊరుకున్నాడు, పెరుగు వడ్డించమన్నాడు కూడా.

"ఆవిడతో నిజం చెప్పు. అంతే అడుగుతున్నా."

"వేడి తగ్గించేస్తాలే. చెప్పడం ఎందుకు? మెరుపొస్తే నీ చెయ్యే బాగైందనుకుంటుంది."

అక్క నవ్వింది. అంత కోపంలో ఏడుపు రావలసింది, నవ్వొచ్చింది. తిరిగి వచ్చి పీట మీద కూర్చుని, తట్టలో మిగిలిన, సగం ఆరిన ఆఖరి పచ్చికుండ ఒళ్ళోకి తీసుకుంది. వాచిన చేత్తోనే నింపాదిగా, ఒక్క వరస తప్పకుండా రుద్దింది. నడుము దాకా వచ్చాక ఆపేసింది. కుండను పీట మీద పెట్టి, చెంచా దాని పక్కన పెట్టి, ఇంట్లోకి వెళ్ళి బట్టలు సంచిలో సర్దుకుంది.

"ఎక్కడికి వదినా?" అంది మరదలు కంగారుగా.

"పిన్ని కూతురింటికి. వెళ్తున్నా."

వస్తానని అనలేదు.

సాయంత్రం తమ్ముడు పీట దగ్గరికి వచ్చేసరికి కుండ పూర్తిగా ఆరిపోయింది. పై సగం నల్లరేగడి నీటి గుంటలా తళతళలాడుతోంది, కింది సగం వెలవెలబోయి ఉంది. చెంచా తీసుకుని కింది సగం మీద గట్టిగా రుద్దాడు. పొడి రాలింది. ఇంకా గట్టిగా రుద్దాడు. చివరికి విసుగొచ్చి చెంచా విసిరేసి వెళ్ళిపోయాడు.

కుండ పీట మీదే ఉండిపోయింది, పైన అక్క మెరుపుతో, కింద అతని గీతలతో.